గాలము, నెమ్మది, మన బాధ్యత



మొన్న ఆరాధన ముగిసిన తరువాత ఆవరణలో టీ తాగుతుండగా మన యవ్వనస్థులలో ఒకడు ఒక మాట చెప్పాడు. శనివారం తెల్లవారుజామున నీటి ఒడ్డున గాలం వేసి కూర్చుంటే, వారమంతా ఆఫీసులో పోగొట్టుకున్న నెమ్మది తిరిగి దొరుకుతోందట. పట్టిన చేపను ఏం చేస్తావని ఒక పెద్దాయన అడిగారు. "మళ్లీ నీళ్లలో వదిలేస్తానండి" అన్నాడు. "తినడానికి పడితే అర్థముంది బాబూ. వదిలేసేదానికి దాని నోట్లో ముల్లు గుచ్చడమెందుకు?" అన్నారాయన. మాలో ఎవరమూ వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆ ప్రశ్ననే ఈసారి మీ ముందు ఉంచుతున్నాము.

నది మనకు పరాయిది కాదు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందిన చరిత్ర మనది. మన తాతలు పెన్నలోను, ఊరి చెరువులలోను వానపామును ఎరగా గుచ్చి, బెండు వంక చూస్తూ గంటలు గడిపినవారే. అయితే వారు కూర కోసం కూర్చున్నారు. నెమ్మది దానితోపాటు అడగకుండా వచ్చింది. ఇప్పుడు మనవాళ్లు నెమ్మది కోసమే కూర్చుంటున్నారు. తెల్లదొరల దేశాల్లో ఈకలతో, దారంతో ఈగవంటి బొమ్మను ముల్లుకు కట్టి నీటిపై విసిరే పద్ధతి ఉంది. అలా విసరాలంటే నీటి వేగము, గాలి, పైన ఎగిరే పురుగు, అన్నీ గమనించాలి. అంతగా గమనించేవానికి తన చింతలు కాసేపు గుర్తుండవు. ఇందులో అబద్ధమేమీ లేదు.

మన బెంగళూరుకు దక్షిణాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, కావేరి ఒడ్డున భీమేశ్వరి, గాలిబోరె అనే చోట్లు ఉన్నాయి. అక్కడి మహసీర్ చేప లోకప్రసిద్ధము. 1946లో మైసూరు వాన్ ఇంజెన్ కుటుంబీకుడొకరు పట్టిన చేప 120 పౌన్లు, అంటే సుమారు 54 కిలోలు తూగింది. తరువాతి కాలంలో అక్కడ శిబిరాలు వెలిశాయి. రాగి ముద్ద ఎరగా వేసి పట్టేవారు, తూచి, మళ్లీ నదిలో వదిలేవారు. జనం కాపలా ఉన్నంత మేర నీటిలో మందుగుండు పేల్చి చేపలను చంపేవారికి ఆటంకమయ్యేది. అభయారణ్యంలో చేప పట్టడం కూడా చట్టరీత్యా వేటే అన్న అభిప్రాయంతో తరువాతి ఏళ్లలో గాలం వేయడం ఆపివేశారు.

ఇక్కడ మనము నేర్చుకోవలసినది ఒకటుంది. నదిని ప్రేమించినవారే చేపలు తరిగిపోకూడదని, లోనావాలాలో పొదిగించిన పిల్లలను తెచ్చి కావేరిలో వదిలారు. అవి కృష్ణా పరీవాహకానికి చెందిన వేరే జాతి, నీలి రెక్కలవి. మంచి మనసుతోనే చేశారు. కాని 1998 నుండి 2012 వరకు గాలం వేసినవారు రాసిపెట్టిన లెక్కలను శాస్త్రజ్ఞులు పరిశీలించగా, వచ్చిన చేప పెరిగిపోయిందని, కావేరి సొంత మూపు మహసీర్ అరుదైపోయిందని తేలింది. 2018లో ఆ మూపు చేపకు సరియైన శాస్త్రీయ నామము తేలింది. ఆ ఏడాదే అది అంతరించిపోయే ప్రమాదము అతి తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేరింది. ప్రేమ ఒక్కటే చాలలేదు. తెలుసుకోకుండా చేసిన మేలు కీడైంది. అయితే ఆ కీడును బయటపెట్టినది కూడా ఒడ్డున కూర్చున్నవారి నమ్మకమైన లెక్కలే.

ఇక పెద్దాయన ప్రశ్న. 2003లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ట్రౌట్ చేప తలపై, మూతి చుట్టూ గాయాన్ని గ్రహించే నరాలున్నాయని చూపారు. అది మనవలె బాధపడుతుందా అన్న వాదము ఇంకా తెగలేదు. తెగనప్పుడు జాలి వైపు మొగ్గడం మంచిదని మాకు తోచుచున్నది. పేతురు గాలము వేసినది పన్ను చెల్లించవలసిన అవసరము కొరకు, ఆట కొరకు కాదు. కనుక వేసేవారు మొనవెనుక కొక్కెము లేని ముల్లు వాడాలి. చేతులు తడిపి, చేపను నీటిలోనే ఉంచి విడవాలి. ముల్లు లేకుండానే ఒడ్డున కూర్చోగలనా అని ఒకసారి తన్ను తాను పరీక్షించుకోవాలి. నెమ్మది నీటిలోనిదైతే ముల్లు లేకున్నా దొరుకుతుంది. ముల్లు లేనిదే దొరకకపోతే, మనము వెదకినది నెమ్మది కాదేమో, గెలుపేమో.

ఇంకొక మాట. మన కుళాయిలో వచ్చే నీరు చాలామట్టుకు కావేరిదే. మన మురుగు వృషభావతిలో పడి, అర్కావతి మీదుగా తిరిగి ఆ కావేరిలోనే కలుస్తుంది. 2016 మార్చిలో అలసూరు చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలినప్పుడు వాటి నోట ఏ ముల్లూ లేదు. ఒక చేప నోటి గాయము గురించి తర్కించే మనము, చెరువంతటినీ చంపే మురుగు గురించి మౌనముగా ఉండవచ్చునా? ఒడ్డున పొందిన నెమ్మది నిజమైనదైతే, అది ఇంటికి వచ్చిన తరువాత మన కాలువ దగ్గర, మన చెత్తబుట్ట దగ్గర కనబడాలి.

పెద్దాయనా, ఆ యవ్వనస్థుడూ వచ్చే శనివారం కలిసి చెరువుకు వెళ్తామన్నారు. గాలము తీసుకువెళ్తారో లేదో వారిద్దరూ తేల్చుకుంటారు. మనము కూడా మన మన ఇళ్లలో తేల్చుకుందుము గాక.