మరక దగ్గర వెతకొద్దమ్మా

అమ్మడూ, నువ్వు పంపిన ఫొటో చూశాను. హాల్లో ఫ్యాను పక్కన పసుపు మరక, దాని చుట్టూ రంగు పొంగి పెచ్చులు. ఆదివారం పెయింటరు వస్తాడన్నావు. అతన్ని ఇప్పుడే రావద్దని చెప్పు తల్లీ. వెనక చెమ్మ ఉన్నన్నాళ్లూ ఎంత మంచి రంగైనా బుడగలు కట్టి ఊడిపోతుంది. ఈలోగా స్లాబులో ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పెళ్లలుగా రాలుతుంది. నా భయమంతా దాని గురించే.

40 ఏళ్లు తాపీ పట్టినవాణ్ణి, నా మాట విను. నీళ్లు దిగేది ఒకచోట, మరక తేలేది ఇంకోచోట. స్లాబులో కరెంటు పైపు దొరికితే దాని వెంటే పోయి ఫ్యాను హుక్కు దగ్గర బయటపడతాయి. ఒకరింట్లో మరకకు సరిగ్గా పైన డాబా చెక్కించాను. కారడం ఆగలేదు. చివరికి చూస్తే 12 అడుగుల అవతల, పిట్టగోడ మొదట్లో, వేలిగోరు దూరేంత సందు. ఆ ఇంటావిడ చేత వృథాగా పెట్టించిన ఖర్చు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అందుకే మరక అంచు వెంట పెన్సిలుతో గీత గీసి తేదీ వెయ్యి. వాన పడ్డాకే గీత దాటితే తప్పు డాబాదో గోడదో. ఎండ కాసే రోజుల్లోనూ పెరుగుతుంటే పైపులనో, పైన ఉంటే బాత్‌రూమునో అనుమానించు. రాత్రి మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో మట్టం చూసుకో. తెల్లారేసరికి తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే.

డాబామీద అనుమానముంటే వాననీటి గొట్టాల నోళ్లు గుడ్డతో బిగించి, అంగుళం ఎత్తున నీళ్లు నిలబెట్టి, 24 గంటలు కిందనుంచి చూడు. మధ్యలో సిమెంటు గట్లు వేసుకుంటే ఏ భాగం కారుతోందో తేలుతుంది. స్లాబు ఊచలు ఇప్పటికే బయటపడి ఉంటే మాత్రం నీళ్లు పెట్టొద్దు, ముందు ఇంజినీరుకు చూపించు.

పిట్టగోడ దగ్గరే అయితే, ఆ సందు లోతుగా గీకి, కడిగి, తడిపి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుకతో మూలను గుండ్రంగా నింపి గోలా తీయించు. మూల కోసుగా ఉంటే పైన వేసే పూత అక్కడే చిట్లుతుంది. వారం రోజులు తడుపుతూనే ఉండాలి, అందులో బద్ధకించొద్దు. ఎండకూ చలికీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పగులులో సిమెంటు నిలవదు, సాగే సీలెంటు పెట్టించు.

ఊళ్లో అమ్మమ్మ ఇంటి సంగతి వేరు. అది గానుగ సున్నం గోడ. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ ఆరే దారి మూసుకుపోయి ఇటుక పొడిపొడి అవుతుంది. అక్కడ సున్నమే వాడాలి, నన్నడక్కుండా ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకు.

ఈసారి వాన వెలవగానే డాబా ఎక్కి, నీళ్లు నిలిచిన చోటల్లా బొగ్గుతో గుర్తు పెట్టి ఉంచు. దసరాకు వస్తున్నాగా, వాలు చూడ్డానికి రసమట్టం నేనే తెస్తాను.