పిల్లి కులం గద్దకు తెలుసు

ఇంటర్ కాలేజీలు తెరిచే జూన్ నెలలో బెజవాడలో అద్దె ఇళ్ల వేట జోరందుకుంటుంది. పిల్లల చదువుల కోసం దివిసీమ నుంచీ కైకలూరు నుంచీ వచ్చిన కుటుంబాలు మొగల్రాజపురం, పటమట, కానూరు, పోరంకి వీధుల్లో గేటు గేటు దగ్గరా ఆగి టు-లెట్ బోర్డులు చదువుకుంటూ పోతాయి. ఫోన్ చేస్తే ఇంటావిడ ముందు మామూలు సంగతులే అడుగుతుంది. ఎంతమందండీ? ఏం చేస్తారండీ? సొంతూరేదండీ? ఊరి పేరుతో తేలకపోతే ఇంటిపేరు అడుగుతుంది. ఇంటిపేరుతోనూ తేలకపోతే గొంతు కాస్త తగ్గుతుంది. “ఏమీ అనుకోకండి, మీరేవిట్లండీ?” అడుగుతున్నది కులం.

జవాబు నచ్చకపోతే ఇల్లు లేదని ఎవరూ నేరుగా చెప్పరు. “మా అబ్బాయి వాళ్లే వచ్చేస్తామంటున్నారండీ, కనుక్కుని చెప్తాను” అంటారు. మర్నాడు అదే గేటుకి అదే బోర్డు వేలాడుతూ ఉంటుంది. హైదరాబాద్ నుంచి సచివాలయ ఉద్యోగులు తరలివచ్చిన 2016లో నగరంలో అద్దెలు పెరిగాయి. ఈ ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

అడిగేవాళ్లు దుర్మార్గులేం కారు. చాలామంది రిటైరైన ఉద్యోగులు, పై వాటా అద్దెతో మందులు కొనుక్కునే వితంతువులు, ఆడపిల్లలున్న తల్లిదండ్రులు. మెట్లు ఒకటే, నీళ్ల మోటారు ఒకటే, గేటు తాళం ఒకటే. తమ కప్పు కిందికి వచ్చేవాళ్లెవరో తెలుసుకోకుండా తాళంచెవి ఇవ్వమనడం న్యాయం కాదు. విచారించే హక్కు వాళ్లకు పూర్తిగా ఉంది. దేన్ని విచారించాలన్న దగ్గరే ధర్మసందేహం పుడుతుంది. ఈ సందేహం పాతదే. మన గ్రంథాలు దీన్ని రెండు వైపుల నుంచీ తేల్చుకోవాలని చూశాయి.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో అతిథిని దేవుడిగా చూడమన్న మాట అందరికీ కంఠతా వచ్చు. హోటళ్ల గోడల మీద కూడా కనిపిస్తుంది. అదే ఉపనిషత్తు భృగువల్లిలో ఇంకా తెగువైన మాట ఒకటి ఉంది. వసతి కోరి వచ్చినవాడిని ఎవరినీ తిప్పి పంపకూడదు, అదొక వ్రతమని చెబుతుంది. విష్ణుపురాణంలో ఔర్వుడు సగరుడికి గృహస్థధర్మం చెబుతూ దీన్ని ఇంటి పనుల్లోకి దించుతాడు. గృహస్థు భోజనానికి ముందు ఆవును పితికేంత సేపు వాకిట్లో నిలబడి అతిథి కోసం ఎదురుచూడాలట. వచ్చినవాడి శాఖా గోత్రమూ కులమూ అడగకుండా అతణ్ణి హిరణ్యగర్భుడిగా భావించాలట. పేరూ కులమూ తెలియని పరదేశి అయితే మరింత పూజ్యుడట.

మనుస్మృతి అంత ఉదారం కాదు. బ్రాహ్మణుడి ఇంట క్షత్రియుణ్ణి అతిథిగా లెక్కించదు, శూద్రుణ్ణి సేవకులతో కలిపి కూర్చోబెడుతుంది. అయినా భోజనం కోసం కులగోత్రాలు చెప్పుకునే బ్రాహ్మణుణ్ణి అది తీవ్రంగా నిందిస్తుంది. అతిథి అంటే ఒక్క రాత్రి ఉండేవాడేనని కూడా చెబుతుంది.

ఆ ఒక్క రాత్రి విషయంలో డెల్టా మాట తప్పిందనడానికి లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమకు రాష్ట్రం నలుమూలల నుంచీ అన్నం వెళ్లింది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లలోకి వచ్చినప్పుడు కింది వాటాల వాళ్లు పిల్లల్నీ గ్యాస్ బండల్నీ ఎత్తుకుని పై వాటాలకు ఎక్కారు. 2016 కృష్ణా పుష్కరాలకు పన్నెండు రోజులూ ఊళ్లో బంధువుల ఇళ్లు, బంధువుల బంధువుల ఇళ్లు జనంతో నిండాయి. ఒక రాత్రికీ పది రాత్రులకీ తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకోనిది పదకొండు నెలల అగ్రిమెంటుకి.

నెలల తరబడి ఉండేవాడి విషయానికి వస్తే లోకం హితోపదేశం వైపు మొగ్గుతుంది. కులమూ శీలమూ తెలియనివాడికి చోటివ్వకూడదని నీతి చెప్పిన కథ అందులోదే. గోళ్లు ఊడి, చూపు పోయిన జరద్గవమనే ముసలి గద్ద ఒక చెట్టు తొర్రలో ఉంటుంది. ఆ చెట్టు మీది పక్షులు తమ తిండిలో కాస్త దానికి పెడతాయి. బదులుగా అది వాటి పిల్లలకు కాపలా కాస్తుంది. దీర్ఘకర్ణమనే పిల్లి వచ్చి తాను వ్రతంలో ఉన్నానని, ధర్మం వినడానికి వచ్చానని నమ్మబలికి తొర్రలో చేరుతుంది. రోజూ ఒక పిల్లను తెచ్చుకుని తినేస్తుంది. చివరికి తొర్రలో ఎముకలు చూసిన పక్షులు గద్దే తినేసిందనుకుని దాన్ని చంపుతాయి.

ఈ కథను ఇంటివాళ్లు తమకు సాక్ష్యంగా తెచ్చుకుంటారు. జాగ్రత్తగా చదివితే అది ఎదురు తిరుగుతుంది. ఆ పిల్లి కులం గద్దకు తెలుసు. తాను పిల్లినేనని అది మొదట్లోనే చెప్పింది. గద్ద వెళ్లిపొమ్మని గద్దించింది కూడా. తర్వాత మెత్తబడింది దాని వ్రతం మాట విని, గంగాస్నానం మాట విని. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే “మంచి సంప్రదాయం గల ఫ్యామిలీ” అన్న సిఫారసు విని. తెలియనిది శీలం ఒక్కటే. అది తెలిసే చోటు కూడా దూరంగా లేదు. ఎముకలు పడింది గద్ద కూర్చున్న తొర్రలోనే.

ఈ కథలో ఇంకో సంగతి ఉంది. గద్ద ఔదార్యానికి మూల్యం కట్టింది గద్ద పిల్లలు కాదు, చెట్టు మీది పక్షుల పిల్లలు. మహాభారతం శాంతిపర్వంలో పావురం తన భార్యను పంజరంలో పెట్టిన బోయవాడికే చలిమంట వేసి, అతని ఆకలి తీర్చడానికి తానే మంటల్లో దూకుతుంది. పావురం ఇచ్చింది తన ఒళ్లు. గద్ద ఒడ్డింది ఇతరుల బిడ్డల్ని. ఇంట్లో ఆడపిల్లలున్నప్పుడు, కింది వాటాలో మరో కుటుంబం ఉన్నప్పుడు, తెలియనివాణ్ణి వివరం అడగకుండా చేర్చుకోవడం ఆతిథ్యం అనిపించుకోదు. అందుకే విచారణ ధర్మమే. ఆ విచారణ శీలానికి సంబంధించినదై ఉండాలి.

శీలం పుట్టుకతో తెలుస్తుందా? ఈ ప్రశ్నకు కృష్ణ ఒడ్డునే ఒక జవాబు ఉంది. కళింగ దండయాత్రకు వెళుతూ కృష్ణదేవరాయలు బెజవాడలో కొన్నాళ్లు విడిది చేసి, దిగువన ఘంటసాల దగ్గరి శ్రీకాకుళం వెళ్లి, ఆంధ్రవిష్ణువు సన్నిధిలో ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి వచ్చిన కలతో ‘ఆముక్తమాల్యద’ రాయడానికి పూనుకున్నట్టు ఆ కావ్యంలోనే చెప్పుకున్నాడు. అందులో విష్ణుచిత్తుడు అతిథులకు అన్నం పెట్టడమే పనిగా బతికినవాడు. జడివాన రోజుల్లో పొగ కళ్లలో పడకుండా ఆయన భార్య కొబ్బరి డొక్కలు మంటపెట్టి వండుతుంది. అదే కావ్యంలో మాలదాసరి కథ ఉంది. కురుంగుడి గుడి బయట నిలబడి పాడుకునే ఆ భక్తుణ్ణి ఒక రాత్రి బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటాడు. స్వామికి పాట వినిపించి తిరిగి వస్తానని దాసరి ప్రమాణం చేస్తాడు, వస్తాడు. తినబోయినవాడు పూర్వజన్మలో బ్రాహ్మణుడు. చావుకు తిరిగి వచ్చి మాట నిలబెట్టుకున్నవాడు గుడి మెట్లెక్కనివ్వని కులంవాడు. పుట్టుకకూ శీలానికీ లంకె లేదని విజయనగర చక్రవర్తి సుమారు ఐదు వందల ఏళ్ల కింద కావ్యంలో చెప్పినా, “మీరేవిట్లండీ?” అన్న ప్రశ్న ఇంకా గేటు దగ్గరే ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అతిథి డబ్బివ్వడు, అద్దెకుండేవాడు ఇస్తాడు, ఇది వ్యాపారం, దీనికి ఉపనిషత్తు ఎందుకు అంటారు. వ్యాపారమే అనుకుంటే కులానికి అక్కడ చోటు లేదు. కిరాణా కొట్టులో రూపాయి ఇచ్చేవాణ్ణి ఇంటిపేరు అడగరు. కాదు ఇల్లు, పవిత్రమైన చోటు అంటే, ఇంటికి వచ్చినవాణ్ణి కులం అడగొద్దన్న విష్ణుపురాణం వర్తిస్తుంది. రెండు దారుల్లో ఏది పట్టినా ఆ ప్రశ్నకు ఆధారం దొరకదు.

చట్టాలు కూడా ఈ ఇల్లు-వ్యాపారం మధ్యే తడబడ్డాయి. రాజ్యాంగం 15వ అధికరణ దుకాణాల్లో, హోటళ్లలో వివక్షను నిషేధించింది కానీ అద్దె ఇంటిని పేరు పెట్టి చెప్పలేదు. పార్సీలకే సభ్యత్వమన్న ఒక గృహనిర్మాణ సంఘం నియమాన్ని సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. అయితే 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటరానితనం పేరుతో ఒకరిని ఇంట్లో నివసించకుండా అడ్డుకోవడాన్ని నేరంగా ఎంచింది. అమెరికాలో 1968 గృహవసతి చట్టం యజమాని తానూ ఒక వాటాలో ఉంటూ అద్దెకిచ్చే, నాలుగు వాటాలకు మించని ఇంటికి మినహాయింపు ఇచ్చింది. కానీ ఆ యజమాని కూడా ఫలానావారికి ఇవ్వమని ప్రకటనలో రాయకూడదు. అక్కడా పేరు పని చేస్తూనే ఉంది. ఎయిర్‌బిఎన్‌బిలో పేర్లు మాత్రమే మార్చి ఒకేలాంటి అభ్యర్థనలు పంపిన హార్వర్డ్ పరిశోధకులకు, నల్లజాతి పేర్లకు అంగీకారం సుమారు 16 శాతం తక్కువగా వచ్చింది. 2017లో అచ్చయిన అధ్యయనమది. మన దగ్గర ఆ పని ఇంటిపేరు చేస్తోంది. ముస్లింలకైతే అసలు పేరే చేస్తోంది.

“శాకాహారులకు మాత్రమే” అన్న బోర్డును కూడా ఇలాగే తూచాలి. ఒకే వంటిల్లు పంచుకునే చోట, దేవుడి గది గోడకు ఆనుకున్న వాటాలో, ఇంట్లో మాంసం వండొద్దని ఒక నియమం పెట్టవచ్చు. అది నడతకు సంబంధించిన షరతు, ఎవరికైనా ఒకేలా చెప్పవచ్చు, ఒప్పుకున్నవారు ఉంటారు. ఆ మాట చాటున కులాన్ని ఏరివేయడం మాత్రం వేరే సంగతి.

ఈ ఊళ్లోనే ఎదురుగా నిలిచిన ఇల్లూ ఒకటుంది. జంధ్యం తీసేసినందుకు కన్నవారి ఇంటి నుంచే బయటికి రావలసివచ్చిన గోపరాజు రామచంద్రరావు, జనం పిలుచుకున్న పేరుతో గోరా, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి 1947లో దాన్ని విజయవాడకు తెచ్చారు. సహపంక్తి భోజనాలు నడిపారు. కులాంతర వివాహాలు చేసుకున్న జంటలకు ఆ ప్రాంగణంలో నీడ దొరికింది. దేవుణ్ణి నమ్మని ఆయన భృగువల్లి చెప్పిన వ్రతాన్ని ఎంతోమంది భక్తుల కంటే నిష్ఠగా ఆచరించారు.

అద్దె ఇంటి ధర్మం అన్నిటికంటే కఠినంగా పరీక్షకు నిలిచేది చావు దగ్గర. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లతో ముసలివాళ్లు ఉంటే యజమాని ముఖం మారుతుంది. ధనిష్ఠా పంచకంలో ప్రాణం పోతే ఇల్లు నెలల పాటు పాడుపెట్టాలన్న భయం బలంగా ఉంది. ఆ భయంతోనే ఆసుపత్రిలో పోయిన మనిషిని గేటు లోపలికి రానివ్వరు. అంబులెన్స్ అద్దె ఇంటి వీధిలో ఆగుతుంది, ఇరుగుపొరుగు బయటే నిలబడి చూసి వెళతారు, స్నానం చేయించడానికి చోటు లేక బండి నేరుగా కృష్ణ ఒడ్డున ఉన్న శ్మశానానికి సాగుతుంది. ఏళ్ల తరబడి అద్దె కట్టిన ఇంట్లో ఒక్క గంట పడుకోబెట్టే హక్కు ఆ మనిషికి లేకుండా పోతుంది. మైలకు గడువునూ ఇంటికి శుద్ధినీ రెండింటినీ శాస్త్రం చెప్పింది. శవాన్ని వీధిలో ఉంచమని చెప్పలేదు.

ఇల్లు అద్దెకిచ్చేవారు అడగవలసినవి చాలానే ఉన్నాయి. పని చేసే చోటు, పాత ఇంటి యజమాని ఫోన్ నంబరు, ఎంతమంది ఉంటారు, ఆధార్ జిరాక్సు. పాత యజమానికి ఒక్క ఫోన్ చేస్తే ఇంటిపేరు చెప్పలేని సంగతులెన్నో తెలుస్తాయి. ఇవన్నీ అడగండి, అగ్రిమెంటు రాయించుకోండి. ఏవిట్లని మాత్రం అడక్కండి. అగ్రిమెంటులో అడ్వాన్సు, కరెంటు బిల్లు, సున్నం ఖర్చు రాసే చోటే ఇంకొక్క వాక్యం చేర్చండి: ఈ ఇంట్లో ఉంటున్నవారు ఎవరైనా కాలం చేస్తే, దేహాన్ని ఇంటికి తెచ్చుకుని ఇక్కడి నుంచే సాగనంపుకోవచ్చు.