నీటికి మొహమాటం లేదు

కయాక్ అనే సన్నటి పడవలో జలపాతాల మీంచి దిగేవాళ్లున్నారు. అమెరికాలోని పలూస్ జలపాతం దాదాపు 190 అడుగులు. 2009లో టైలర్ బ్రాట్ దాన్ని దిగి, బెణికిన మణికట్టుతో బయటపడ్డాడు. తెగింపే అనుకుంటాం గానీ, అసలు విద్య ముందుగా ఒడ్డున నిలబడి నీటిని చూడడంలో ఉంది. నీరు తక్కువైతే రాళ్లు తగులుతాయి. నురగలేని నీటిలో పడితే ఆ దెబ్బకి నడుం విరగొచ్చు. ఎక్కువైతే కింది సుడి పట్టుకుని వదలదు.

ఎన్ని క్యూసెక్కులో కొలిచి చెప్పే సాధనాలున్నాయి. కానీ చదివేది మనసాయె! ఇంతదూరం వచ్చాం, నలుగురూ చూస్తున్నారు అనుకోగానే, నిన్న ఎక్కువన్న నీరే ఇవాళ 'ఫరవాలేదు' అనిపిస్తుంది.

మెక్సికోకి చెందిన రఫా ఓర్టిజ్ నయాగరా దిగాలని ఏళ్ల తరబడి సాధన చేశాడు. చివరికి వద్దనుకుని మానేశాడు. అది పిరికితనమంటారా? దిగడానికి ఒక్క క్షణం ధైర్యం చాలు. మానుకున్నవాడు 'భయపడ్డాడట' అన్న మాటని చాలాకాలం మోయాలి.

అబ్బాయి సంగతి తెలిసి కూడా, శుభలేఖలు పంచేశామని పెళ్లి ఆపలేని ఇళ్లు మనం చూడనివా? నలుగురి మాట నాలుగు రోజులుంటుంది. సుడిలో పడేది మాత్రం పిల్ల ఒక్కతే.