ముగ్ధుడికి కూలి

జనగామ జిల్లా పాలకుర్తిని పాల్కురికి సోమనాథుడి ఊరని గర్వంగా చెప్పుకుంటాం. ఆయన బసవపురాణంలో ముగ్ధభక్తులకు పెద్దపీట వేశాడు. శివుడికి తల్లి లేదని తానే తల్లయిన బెజ్జ మహాదేవి, గుడిలో పెట్టిన పాలు దేవుడు తాగలేదని ఏడ్చిన గొడగూచి, విషం మింగిన శివుడికి ఏమవుతుందోనని తల్లడిల్లిన రుద్రపశుపతి, లోకం లెక్కలో వీళ్లందరికీ తెలివి చాలదు. సోమనాథుడు వాళ్లను చూసి నవ్వలేదు, జాలిపడలేదు. వాళ్లిచ్చింది దేవుడు పుచ్చుకున్నాడని రాశాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో చదువు అబ్బని, మాట ఆలస్యంగా అర్థమయ్యే యువతకు పని దొరకడం గురించి ఆలోచిస్తే, అసలు చిక్కు ఈ పుచ్చుకోవడం దగ్గరే ఉందనిపిస్తుంది. వాళ్లకు ఏమివ్వాలని అందరూ అడుగుతారు. వాళ్ల చేతి పని పుచ్చుకుని ఎంత కట్టామన్నది ఎవరూ అడగరు.

ఆ భక్తులది పారవశ్యం, వీళ్లది మేధో వైకల్యం, రెండూ ఎలా ఒకటవుతాయని అడగొచ్చు. ఒకటి కావు. పైగా ఈ పోలికలో ప్రమాదముంది. ‘దేవుడి బిడ్డ’ అని చేతులు జోడించి, ఆ బిడ్డ చేత పొద్దంతా నీళ్లు మోయించి, సాయంత్రం అన్నం పెట్టి పంపడం మనకు తెలియనిది కాదు. ‘దివ్యాంగులు’ అన్న గౌరవవాచకం కూడా కూలి ఎగ్గొట్టడానికి అడ్డం రాదు. అయితే ఆ పురాణ నాయకుడు బసవడి సంప్రదాయం భక్తి పక్కనే కాయకాన్ని, అంటే ఒళ్లొంచి చేసే పనిని, నిలబెట్టింది. మడివాలు మాచయ్య బట్టలుతికే చేతులతోనే పూజ్యుడయ్యాడు. దానంలో ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటాయి. కూలి దగ్గర ఇద్దరూ ఇచ్చేవారే. నెలనెలా వచ్చే వికలాంగుల పింఛను అవసరమే, దాన్ని తగ్గించమనడం అన్యాయం. సంపాదన మొదలైతే పింఛను పోతుందని తల్లిదండ్రులు భయపడితే ఆ భయం తీర్చే బాధ్యత ప్రభుత్వానిది. కానీ నువ్వు మాకు పనికొచ్చావన్న మాట పింఛను చెప్పలేదు.

వాళ్లు పని చేయలేరన్నది పాత వాదన. 1995 వికలాంగుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం కోటాను చూపు, వినికిడి, కదలిక లోపాలున్నవారికే పంచింది. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసి, అందులో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి కలిపి కేటాయించింది. ఈ 21 ఏళ్లలో ఆ మనుషులు మారలేదు, చట్టం చూపు మారింది. పని నేర్పే పద్ధతీ మారింది. ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి తర్వాత ఉద్యోగం వెతకడానికి బదులు, ముందు పనిలో పెట్టి అక్కడే పక్కన మనిషినుంచి నేర్పే పద్ధతి 1980ల నుంచి అమెరికాలో బలపడింది. మహబూబాబాద్ మిర్చి కల్లంలో తాలు ఏరే పనినే తీసుకోండి. ఎర్రకాయ ఒక కుప్ప, తెల్లబారింది మరో కుప్ప. పక్కన కూర్చుని ఓపికగా చూపించే మనిషుంటే, అక్షరం రాని చెయ్యి కూడా ఆ తేడా పట్టగలదు.

సగం పనికి పూర్తి కూలి చిన్న రైతు ఎక్కడి నుంచి తెస్తాడు? ఇది గట్టి అభ్యంతరం. కిలో లెక్కన కట్టే పనికి ఇతరులకిచ్చే రేటే ఇస్తే రైతుకు నష్టం లేదు. రోజు కూలి దగ్గర పడే లోటును సమాజం భరించాలి. ఉపాధి హామీ మార్గదర్శకాలు ఈ దారే చూపాయి: మంచినీళ్లు అందించడం, పిల్లలను చూసుకోవడం వంటి తగిన పనులు వికలాంగులకిచ్చి, కూలి అందరితో సమానంగా ఇమ్మన్నాయి. 1948 కనీస వేతనాల చట్టం మాత్రం వికలాంగ కార్మికులను తన పరిధి నుంచి తప్పించే అధికారం ప్రభుత్వాలకిచ్చింది. ఆ మినహాయింపు మనిషికే తక్కువ ధర కట్టింది.

ఇక పూర్వజన్మ కర్మ అనేవారున్నారు. ఆ మాటే ఒప్పుకుందాం. కష్టం చేయించుకుని కూలి ఇవ్వకపోవడం ఎవరి కర్మ ఖాతాలో పడుతుంది?

మండలాల్లో భవిత కేంద్రాలు ఇలాంటి బడి ఈడు పిల్లలను చూసుకుంటున్నాయి. ఆ ఈడు దాటిన మర్నాటి నుంచి ఇంటి అరుగే మిగులుతుంది. అరుగు దిగి పనికి పోయినవాడి కూలి కూడా చాలాసార్లు తండ్రి చేతికో అన్న చేతికో పోతుంది. అది అతని పేరున ఉన్న ఖాతాలో పడాలి. ఆ డబ్బుతో అతను అమ్మకు చీర కొన్నా, మహబూబాబాద్‌లో రైలెక్కి ఊరికే వరంగల్ చూసొచ్చినా, తోటి కూలీని అడగని లెక్క అతన్ని అడగకూడదు.