న్యాసధర్మం

ఫీనిక్స్ జంతుప్రదర్శనశాలలో అరేబియా ఓరిక్స్ ఎదుట నిలిచి మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఇది ఎవరిది?"

తెల్లని మేను, కత్తుల వంటి పొడవైన కొమ్ములు గల ఈ జంతువు మన కృష్ణజింకకు దూరపు చుట్టం. వేటవలన ఈ జాతి నశించనున్నదని గ్రహించినవారు 1963లో ఇక్కడ ఒక మందను నెలకొల్పారు. మొదటి మందలో ఉన్నవి తొమ్మిదే. 1972 నాటికి అరేబియాలో స్వేచ్ఛగా తిరిగే ఓరిక్స్ ఒక్కటీ మిగలలేదు. పదేళ్ళ తరువాత, 1982లో, ఈ మంద సంతతినే ఒమాన్ ఎడారిలో విడిచిపెట్టారు.

నమ్మి దాచుకొమ్మని ఇచ్చిన పరుల సొత్తును మన పెద్దలు న్యాసమన్నారు. దానిని కాపాడవచ్చును, సొంతమని తలచరాదు.

అయితే, విడిచిన చోటనే 1996లో దొంగవేట మళ్ళీ మొదలైంది. 2007లో ఆ అభయారణ్యం ప్రపంచ వారసత్వ జాబితానుండే తొలగిపోయింది. మరి తిరిగి ఇవ్వడం పొరపాటా? కాదనే నా తలంపు. కంచెలోనే ఉంచితే ప్రాణం దక్కుతుంది, ఎడారి దక్కదు. కాని అప్పగించినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. ఇతర చోట్ల మందలను కాపాడుతూ, మళ్ళీ మళ్ళీ విడిచినందువల్లనే ఈ జాతి నేడు నిలిచి ఉన్నది.

అమ్మాయికి ఇలా చెప్పాను: "ఇది ఎడారిది తల్లీ. మన దగ్గర దాచారు."