అంటు ఎవరిది?

నా చిన్నప్పుడు మా ఊరి కామందు ఎద్దు ఒక్క రాత్రిలో చచ్చింది. ముక్కుల్లోంచి నల్లటి నెత్తురు. తోలు ఒలవమని మా నాయనకి కబురొచ్చింది. నాలుగోనాడు నాయన ముంజేతి మీద దురద, పొక్కు, ఆపైన బొగ్గులాంటి పెచ్చు. చెయ్యంతా వాచింది గానీ పుండుకి నొప్పి లేదు. 'మాదిగోడి పాపం' అంది ఊరు.

పాపం కాదు, దొమ్మరోగం. దాని క్రిమి సంగతి 1876లోనే కోచ్ తేల్చిచెప్పాడు. దొమ్మతో చచ్చిన గొడ్డుని కొయ్యకూడదు. కోస్తే ఆ క్రిమి గాలి తగిలి విత్తనంలా గట్టిపడి మట్టిలో ఏళ్లకేళ్లు బతుకుద్ది. లోతుగా పాతాలి. ఇది మాకెవరూ చెప్పలేదు. పెన్సిలిన్ సూదులతో నాయన బతికాడు.

'మనం మానేస్తే ఎవరు ముడతార్రా?' అనేవాడు నాయన. నా పలకా బలపం ఆ తోళ్ల డబ్బే. అందుకే చాలాకాలం జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. ఆ రోజు అంటరానిది ఎద్దు. దాన్ని అంటమని మమ్మల్ని పంపి, అంటినందుకు మమ్మల్నే అంటరానోళ్లన్నారు. క్రిమికి కులం లేదు. కత్తి ఎవరి చేతిలో పెట్టాలన్నదానికే కులం. ఎవరి గొడ్డుని వాళ్లే పాతిపెట్టుకోనీ నాయనా.