కాగితం మీద చెరువు

కొల్లేట్లో ఒక లంక. ఆ లంకలో ఒక తాత. వయసులో ఉన్నప్పుడు పొద్దుగూకే వేళ తాటిదోనె మీద వెళ్లి చేపలు పట్టే మావులు పెట్టి, తెల్లారగట్ల ఎత్తి, కొర్రమేనో ఇంగిలాయో ఇంటికి తెచ్చేవాడు. అప్పట్లో నీళ్లకి గట్లు లేవు, ఎవరివని అడిగినవాడూ లేడు.

సర్కారు లంకవాళ్లందరితో సొసైటీ పెట్టించి చెరువు ఇచ్చింది. జాబితాలో తాత పేరూ ఎక్కింది. మరి చేపపిల్లకీ తవుడుకీ డబ్బెక్కడిది? బయటినుంచి ఓ ఆసామి వచ్చాడు. "పెట్టుబడి నాది. మీరు కాలు మీద కాలేసుక్కూర్చోండి, ఏటా కౌలిస్తాను" అన్నాడు. ఆ ఏడు పెద్దింట్లమ్మ జాతరకి లంకంతా కొత్తబట్టలు కట్టింది.

పదేళ్లు తిరిగాయి. జ్వరం తగ్గిన ముసలమ్మ చేపల పులుసు అడిగింది. తాత మావు భుజానేసుకుని చీకట్లో గట్టెక్కాడు. కాపలా పాకలోంచి టార్చిలైటు మొహాన పడింది. పట్టుకున్నది మనవడే.

"దిగకు తాతా. ఆసామికి తెలిస్తే నా కూలి పోద్ది."

"కాగితంలో ఉంది నా పేరేరా."

"పేరు నీదే. చేప ఆయనది."

తాత ఖాళీ మావుతో ఇంటికొచ్చాడు.

నీతి: పిల్ల ఎప్పుడు వదలాలో, పట్టుబడి ఎప్పుడో, లాభం ఎటు పోవాలో చెప్పగలిగినవాడిదే చెరువు. పెట్టుబడిదారీ పద్ధతిలో ఆ మాట డబ్బు పెట్టినవాడిది. వల లాగినవాడికి కూలి, మిగిలిందంతా ఆయనకి. చెరువు, మేత కొనే డబ్బు, ఐసు లారీ అన్నీ వల లాగేవాళ్ల ఉమ్మడి సొత్తు కావాలనీ, పనికి తగ్గ వాటా ఉండాలనీ, పని చేయలేని ముసలమ్మ కంచంలోనూ చేప పడాలనీ సోషలిజం అడుగుతుంది. పేర్లు రాసి పట్టా చేతికిస్తే అది వచ్చేసినట్టు కాదు.

తాత నా కల్పన. చెరువు నిజం. జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉండగా, 1976 ప్రాంతంలో, కొల్లేటి పేదలకి సొసైటీల పేరున చెరువులిచ్చారు. తర్వాత చాలావాటిని బయటి డబ్బున్నవాళ్లు లీజుకి తీసుకున్నారు. 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యమన్నారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట ఆ హద్దులోని చెరువుల గట్లు కొట్టేశారు. గట్టు తెగితే పెట్టుబడి ఇంకో ఊళ్లో ఇంకో చెరువు వెతుక్కుంటుంది. లంకవాడు ఎక్కడికి పోతాడు? నాకు మనసులో మెదిలేది ఆ మొదటి ఏడే. చెరువుతోపాటు పిల్లకీ తవుడుకీ సొసైటీకే అప్పు పుట్టి ఉంటే, ఆ రాత్రి మనవడు టార్చిలైటు గట్టున పెట్టి, తాతతోపాటు నీళ్లలోకి దిగేవాడు.